బురద కింద మిగిలిన జాగా: గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి, కర్నూలు నుంచి ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి నమస్కరించి రాయునది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి మా పాతబస్తీని ముంచిన రాత్రి, సొంత ఇల్లున్నవారూ అద్దెకున్నవారూ ఒకే మిద్దె మీద తలదాచుకున్నారు. నీరు తీశాక సొంతదారులకు బురద కింద జాగా మిగిలింది. దాని దస్తావేజు తనఖా పెట్టి మళ్లీ గోడలు లేపుకున్నారు. అద్దెకున్నవారు ఇంకో ఇంటికి అడ్వాన్సు కట్టడానికే అప్పు చేయాల్సివచ్చింది.

ఆ తర్వాతి ఏళ్లలో అప్పుల విభాగంలో కూర్చుని ఆ రెండు రకాల కుటుంబాల పిల్లలనూ చూశాను. తండ్రుల సంపాదనలో పెద్ద తేడా లేదు. చదువు అప్పు 7.5 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. ఇల్లున్నవాడి కొడుకు ఆ హామీ చూపి ఇంజనీరింగుకు వెళ్లాడు. అద్దె ఇంటివాడు నూటికి 3 రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 36 శాతానికి, బయట తెచ్చాడు. చదువు పూర్తయ్యేలోపే అసలు కంటే వడ్డీ బరువైంది. అలాంటి అద్దె ఇంటివారి అప్పు ఫైళ్లను తిప్పిపంపిన సంతకాల్లో నావీ ఉన్నాయి కనుకనే ఈ లేఖ రాయకుండా ఉండలేకపోయాను.

2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం మన దేశంలో పల్లె కుటుంబాల ఆస్తిలో సుమారు 91 శాతం, పట్టణ కుటుంబాల ఆస్తిలో సుమారు 87 శాతం భూమీ కట్టడాలే. కూలి పెరిగినా అది నెల నెలా అద్దెగా వెళ్లిపోతుంటే, జాగా ధర మాత్రం ఉన్నవారి పేరిట పెరుగుతూ వారి పిల్లలకు చేరుతుంది. ఒక తరంలో చిన్నదిగా కనబడే తేడా మనవళ్ల నాటికి పూడ్చరానిదవుతుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. 2020 డిసెంబరులో ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. మా ఊరి శివారు జగన్నాథగట్టు దగ్గర ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్లు లేచాయి. కానీ ఆ పట్టాల్లో పట్టణంలో ఇచ్చింది ఒక సెంటు, అంటే దాదాపు 48 చదరపు గజాలు. అంతకంటే ముఖ్యం, ఆ కాగితం తనఖాకు పనికిరాకపోతే అది నీడనిస్తుంది గానీ ఆస్తి కాదు. పొద్దున్నే పని అడ్డాకు చేరాల్సిన మేస్త్రీకి ఊరికి దూరంగా ఇల్లిస్తే, ఆదా అయిన అద్దె ఆటో ఛార్జీలకే పోతుంది.

కాబట్టి మంత్రి గారూ, నా విన్నపం ఇది. మా జిల్లాలో ఇప్పటికే ఇచ్చిన పట్టాలను ఇంటి ఇల్లాలి పేర రిజిస్టరు చేయించి, వాటిపై చదువుకూ వైద్యానికీ అప్పు ఇవ్వాలని బ్యాంకర్ల సమావేశంలో అడగండి. తాకట్టులో ఇల్లు పోతుందన్న భయం న్యాయమైనదే; అందుకు అమ్మకంపై నిషేధాన్ని కొన్నేళ్లు ఉంచి, తనఖాకు మాత్రం అనుమతించవచ్చు. ఇకపై ఇచ్చే స్థలాలను నగరానికి సిటీ బస్సు తిరిగే దారిలోనే ఎంపిక చేయించండి.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కర్నూలు.