మా బోటు గురించి, ఆ స్టిక్కర్ గురించి

జూన్ 20 నుంచి 28 వరకు మీ ఇళ్లకు వచ్చిన చేపల పొట్లాల మీద "మా సొంత బోటు చేపలు" అని స్టిక్కర్ ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో మీరు తిన్న చేపల్లో ఒక్కటి కూడా మా బోటు పట్టినది కాదు. అన్నీ ఎప్పటిలాగే కాకినాడ రేవులో వేలం పాటలో కొన్నవే. చేపలో లోపం లేదు, ధర పెంచలేదు. అయినా ఆ స్టిక్కర్ మీద రాసింది అబద్ధం, దాన్ని అంటించింది నేనే.

చేపల వేట మీద ఏటా ఉండే నిషేధం ముగియగానే బోటు సముద్రంలోకి వెళ్తుందన్న నమ్మకంతో స్టిక్కర్లు ముందే అచ్చు వేయించాను. బోటు ఆగిపోయాక వాటిని ఆపాలి. రేపో మాపో వెళ్తుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ అంటించుకుంటూ పోయాను. రాజమహేంద్రవరం నుంచి ఒక పెద్దావిడ ఫోను చేసి, "మీ బోటు ఏ ఊరి ఒడ్డు నుంచి వెళ్తుందమ్మా? మా మనవడు చూడాలంటున్నాడు" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఆవిడకు నిజం చెప్పాను. ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను. నన్ను క్షమించండి.

ఇక బోటు సంగతి.

ఆరేళ్లుగా పాటలోనే చేపలు కొని అమ్ముతున్నాను. పెద్ద మరపడవలు ఒకసారి వెళ్తే వారం, పది రోజులు సముద్రంలోనే ఉంటాయి. మొదటి రోజు పట్టిన చేప మంచులో అన్నాళ్లూ ఉండి ఒడ్డుకు వస్తుంది. తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే చిన్న ఫైబర్ బోటు చేప వేరు. దాని కన్ను, మొప్ప చూస్తేనే తెలిసిపోతుంది. ఆ చేప పాటలో నా చేతికి అందేసరికి ధర చుక్కలనంటుతుంది. అందుకే సొంత బోటు ఉంటే బాగుంటుందనుకున్నాను. మా మామయ్యగారు ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల పడవల మీద తండేలుగా, అంటే పడవ నడిపించే పెద్దగా పనిచేశారు. ఆయన అనుభవం ఉందన్న ధైర్యం కూడా తోడైంది.

ఏప్రిల్ మొదట్లో ఉప్పాడ వైపు సరుగుడు చెట్ల కింద రెండేళ్లుగా ఆగి ఉన్న బోటు ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. ముప్పై అడుగుల పొడవు, డీజిల్ ఇంజిను, కొన్ని పాత వలలు, అన్నీ కలిపి 2,10,000 రూపాయలు. కొత్తగా నీలం రంగు వేసి ఉంది. ఇంజిను తిప్పి చూపించారు, ఒక్క లాగుకే అందుకుంది. ఇంకొకరు కూడా అడుగుతున్నారని విన్నాను. రెండు రోజుల్లో స్టాంపు కాగితం మీద సంతకాలు అయిపోయాయి.

ఆ రోజు నా కంట పడినవి రెండు ఉన్నాయి. ఇంజిను బోల్టుల కింద నుంచి కొత్త రంగు మీదికి గోధుమ రంగు చారలు దిగి ఉన్నాయి. సముద్రం పక్కన ఇనుము తుప్పు పట్టదా అనుకున్నాను. బోటు లోపల అంచుకు జానెడు కింద వాన నీళ్లు నిలిచిన గీత ఉంది. కడిగితే పోతుంది అనుకున్నాను. ఫైబర్ పని తెలిసిన మేస్త్రీని ఒక్క పూట తీసుకెళ్లి ఉంటే ఈ రెండూ చూసి ఆయన నన్ను అక్కడే ఆపేవారు. ఆ ఒక్క పూట నేను ఆగలేదు. మామయ్యగారు పనిచేసినవన్నీ చెక్క పడవలు. చెక్కకు పురుగు పట్టినా, కుళ్లినా పైకి కనిపిస్తుంది, వేలితో నొక్కితే తెలుస్తుంది. ఫైబర్ అలా కాదు. లోపలంతా పాడైనా పైన నున్నగానే ఉంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధంలో మరమ్మతులు చేయించుకోవచ్చనుకున్నాను. ఈ తీరంలో ప్రతి బోటు యజమానీ అదే అనుకుంటాడని అప్పటికి నాకు తెలియదు. మేస్త్రీలు దొరకలేదు. మామయ్యగారు, మరో ఇద్దరు కలిసి ఇంజిను నూనె మార్చి, ఫిల్టర్లు మార్చి, కనిపించిన పగుళ్లు పూడ్చారు. జూన్ 17న హోప్ ఐలాండ్ చాటున, అలలు తక్కువగా ఉండే చోట తిప్పి చూద్దామని బయలుదేరారు.

గంటకే తిరిగొచ్చారు. ఇంజిను వేగం పెంచినప్పుడు మామయ్యగారు దాని కింది దిమ్మ మీద చెయ్యి పెట్టారట. దిమ్మ కదులుతోంది. ఆయన ఒక్క మాటే అన్నారు, "ఇది సముద్రానికి పనికిరాదమ్మా." 1996 నవంబర్ 6న కాకినాడకు దక్షిణంగా కోనసీమ మీద విరుచుకుపడిన తుపానులో ఆయనతో కలిసి పనిచేసిన వాళ్లలో కొందరు తిరిగి రాలేదు. అప్పటి నుంచి బోటు విషయంలో ఆయన మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. ఈసారి కూడా లేదు.

మరుసటి వారం మేస్త్రీ వచ్చారు. చిన్న సుత్తితో బోటంతా తట్టుకుంటూ వెళ్లారు. గట్టిగా ఉన్న చోట ఖంగుమంది. ఇంజిను దిమ్మ దగ్గర మెత్తగా, మొద్దుగా మోగింది. అక్కడ డ్రిల్లుతో రంధ్రం వేస్తే నల్లటి నీళ్లు కారాయి, వాటితో పాటు తడి పొగాకులాంటి చెక్క పొట్టు వచ్చింది. దిమ్మ లోపల చెక్క ఉంటుంది, దాని మీద ఫైబర్ పొరలు కప్పుతారు. ఇంజిను అదురుకు బోల్టుల రంధ్రాలు వదులై, రెండేళ్ల పాటు నిలిచిన వాన నీరు వాటిలోకి దిగింది. ఉప్పు నీటి కంటే వాన నీరే చెక్కను త్వరగా కుళ్లబెడుతుందని మేస్త్రీ చెబితే నేను మొదట నమ్మలేదు. ఉప్పు బూజును అడ్డుకుంటుంది, మంచినీళ్లలో బూజు పెరుగుతుంది. సముద్రంలో తిరిగే బోటు కన్నా ఒడ్డున బోర్లించకుండా వదిలేసిన బోటు ముందు పాడవడానికి ఇదే కారణం.

అడుగు పలకల కింద ఇంకొకటి బయటపడింది. బోటు మునగకుండా తేల్చడానికి అక్కడ స్పాంజిలాంటి ఫోమ్ నింపి ఉంటుంది. అది నీళ్లు పీల్చి సిమెంటు బస్తాలా బరువెక్కింది. ఇద్దరు మనుషులు రెండు రోజులు తవ్వి తీశారు. దాని చోట థర్మోకోల్ పెడదామని నేను అన్నాను, చవక కదా అని. ఫైబర్ పొరలను అతికించే పాలిస్టర్ రెజిన్ అనే జిగురు తగిలితే థర్మోకోల్ కరిగిపోతుందని మేస్త్రీ ఒక ముక్క మీద పోసి చూపించారు. నా కళ్లముందే ముద్దయిపోయింది.

దిమ్మ పని ఇప్పుడు సగంలో ఉంది. కుళ్లిన చెక్క మొత్తం తీసేశారు. దెబ్బతిన్న ఫైబర్‌ను దాని మందానికి పన్నెండింతల దూరం వరకు వాలుగా అరగదీస్తున్నారు. ఎనిమిది మిల్లీమీటర్ల మందానికి చుట్టూ దాదాపు పది సెంటీమీటర్లు అన్నమాట. అంత వాలు ఉంటేనే కొత్త పొరలు పాతదాన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఆ చోటు పూర్తిగా ఆరాలి. తడి మీద రెజిన్ పట్టినట్టే కనిపించి తర్వాత పెచ్చుగా ఊడిపోతుంది. ఈ వానల్లో ఆరబెట్టడమే పెద్ద పని. పైన టార్పాలిన్ కట్టి, లోపల బల్బులు వేలాడదీసి ఆరబెడుతున్నాం. ఏ రోజుకు పూర్తవుతుందని అడిగితే మేస్త్రీ తేదీ చెప్పడం లేదు. నేనూ మీకు చెప్పను. ఒకసారి చెప్పి తప్పాను.

కాగితాల పని కూడా ఉంది. బోటు రిజిస్ట్రేషన్ పాత యజమాని పేరు మీదే ఉంది, లైసెన్సు గడువు తీరిపోయింది. పేరు మారితే తప్ప బీమా రాదు, రాయితీ డీజిల్ రాదు. ఆయన వేరే రాష్ట్రంలో బోటు పనికి వెళ్లారు, వచ్చే నెల వచ్చి సంతకం చేస్తానన్నారు. నాలాగా మొదటిసారి బోటు కొనేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, డబ్బు ఇచ్చే ముందు రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం మీది ఇంజిను నంబరు, బోటు మీది ఇంజిను నంబరు పక్కపక్కన పెట్టి చూడండి. మాకు అవి సరిపోయాయి. కానీ డబ్బు ఇచ్చాక చూశాను.

ఇప్పుడు మీ డబ్బు గురించి. నెలవారీ బుట్ట కోసం 42 కుటుంబాలు మే నెలలో తలా 3,000 రూపాయలు ముందుగా ఇచ్చారు. మొత్తం 1,26,000. అందులో 74,000 ఇప్పటికే బోటు మరమ్మతులకు ఖర్చయింది. ఆ డబ్బు మీరిచ్చింది చేపల కోసం, మరమ్మతుల కోసం కాదు. తిరిగి కావాలన్నవారికి మొత్తం ఇచ్చేస్తాను. పదకొండు మందికి ఇచ్చాను. మిగిలినవారు ఫోను చేస్తే పది రోజుల్లో మీ ఖాతాలో వేస్తాను, కారణం అడగను. ఇందుకోసం నా బంగారం బ్యాంకులో పెట్టాను, కాబట్టి డబ్బు లేదన్న మాట రాదు. ఉంచదలచినవారికి బోటు తిరిగే వరకు పాటలో కొన్న చేపే, పాత ధరకే వస్తుంది. పొట్లం మీద ఏ రోజు కొన్నది, పెద్ద మరపడవదా చిన్న బోటుదా అన్నది నా చేత్తో రాసి పంపుతాను.

బోటు తయారైనా మొదటి నెల మీకు అమ్మేంత వేట చేయించను. లైఫ్ జాకెట్లు నాలుగూ వచ్చాక, సమాచారం పంపే ట్రాన్స్‌పాండర్ బిగించాక, మామయ్యగారు ఆ దిమ్మ మీద మళ్లీ చెయ్యి పెట్టి సరే అన్నాకే వలలు ఎక్కుతాయి.

ఈ ఆదివారానికి కానాగంతలు, నెత్తళ్లు, చిన్న చందువలు ఉంటాయి. వంజరం ధర బాగా ఎక్కువగా ఉంది కాబట్టి తీసుకోవడం లేదు. కావలసినవారు శనివారం సాయంత్రం ఆరు గంటల లోపు చెప్పండి. శుభ్రం చేసి ముక్కలు కోయాలో, చేప చేపగానే పంపాలో కూడా చెప్పండి.