గబ్బిలాల కన్నం మూసే ముందు

సంపాదకులు గారికి,

ఇంటి చూరులో గబ్బిలాలు చేరాయని, ఏం చేయాలో చెప్పమని ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్నకు ఇటీవల మీ గృహ సలహాల శీర్షికలో జవాబు ప్రచురించారు. లోపల కలరా ఉండలు వేసి, అవి వచ్చిపోయే కన్నాన్ని వెంటనే సిమెంటుతో మూసేయాలని అందులో ఉంది. రెండేళ్ల క్రితం నేను సరిగ్గా ఆ పనే చేయించి చేతులు కాల్చుకున్నాను కనుక ఈ లేఖ రాయక తప్పడం లేదు.

నేను పిలిపించినవాళ్లు తమకు తెలిసినంతలో జాగ్రత్తగానే పనిచేశారు. చీకటి పడి గబ్బిలాలన్నీ బయటికి వెళ్లాక కన్నం మూశారు. లోపల ఇంకా ఎగరడం రాని పిల్లలు ఉన్నాయన్న సంగతి వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. తెల్లవారుజామున తిరిగివచ్చిన తల్లులు మూసిన కన్నం చుట్టూ తచ్చాడి, వాటిలో రెండు వెంటిలేటర్ గుండా మా పడకగదిలోకి వచ్చాయి. మూడో రోజుకు సీలింగ్ నుంచి దుర్వాసన మొదలైంది. పలకలు విప్పించి చూస్తే పదకొండు పిల్లలు చచ్చి ఉన్నాయి. గబ్బిలాలు పైకప్పులో నిశ్శబ్దంగా ఉన్నన్నాళ్లూ మాకు కలగని ఇబ్బంది అంతా వాటిని వెళ్లగొట్టిన వారంలో కలిగింది.

అందుకే, మూయాలా వద్దా అన్న ప్రశ్న కంటే ముందు, వచ్చి చేరినది ఏదో, ఎక్కడుంటుందో, పిల్లలున్నాయో లేవో తెలుసుకోవాలన్నదే నా మనవి. చాలామంది అటక మీది చప్పుడు విని ఎలుకలనుకుంటారు. గోడ కింద రాలిన నల్లటి గింజల్లాంటి వాటిని చేత్తో ముట్టకుండా పుల్లతో నొక్కి చూస్తే అనుమానం తీరుతుంది. ఎండిన ఎలుక పెంటిక గట్టిగా ఉంటుంది; పురుగులు తినే గబ్బిలం రెట్ట మాత్రం ఇట్టే పొడి అయిపోతుంది, ఆ పొడిలో పురుగుల రెక్కల తునకలు తళుక్కుమంటాయి. కన్నం అంచున ఒంటి జిడ్డు అంటిన గోధుమరంగు మరక కనిపిస్తే అవి రోజూ అక్కడినుంచే తిరుగుతున్నాయన్నమాట. బొటనవేలు దూరేంత సందు కూడా లేదే అని తోసిపుచ్చకండి, చిన్నజాతి గబ్బిలాలకు అంతకన్నా సన్నని నెర్రె చాలు.

గబ్బిలాలన్నీ ఒకటే అనుకోవడం మరో పొరపాటు. ప్రపంచంలో 1,400కు పైగా జాతులున్నాయి, పాలిచ్చే జంతువుల జాతుల్లో ఇంచుమించు ఐదో వంతు ఇవే. నక్కమూతి, పెద్ద కళ్లతో, రెక్కలు చాస్తే మీటరుకు పైగా ఉండి, చెట్టుకొమ్మలకు గుంపులుగా వేలాడేవి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు. అవి ఇంట్లో కాపురం పెట్టవు. వరండా కప్పుకో తాటిజాతి చెట్ల ఆకుల కిందో వేలాడుతూ, కింద నమిలి ఉమ్మిన పిప్పిని, గింజలను, గోడల మీద మరకలను మిగిల్చేవి పొట్టిముక్కు పండు గబ్బిలాలు. వాడకంలో లేని గదిలో నేల మీద చిమ్మటల రెక్కలు, కప్పకాళ్లు, బల్లుల తోకలు రాలి ఉంటే, అక్కడ రాత్రిపూట వేటను తెచ్చుకుని తినే పెద్దచెవుల గబ్బిలం ఉందని గ్రహించవచ్చు. దాన్ని రక్తపిశాచి అని భయపడనక్కరలేదు, రక్తం తాగే గబ్బిలాలు మూడే జాతులు, అవి మూడూ అమెరికా ఖండాలలోనివే. చూరు సందుల్లో, కిటికీ చట్రాల వెనుక, ఏసీ పెట్టె పక్కన దూరేవి సాధారణంగా కొద్ది గ్రాముల బరువుండి అగ్గిపెట్టెలో పట్టేంత చిన్నవి. ఇవి కొయ్యను కొరకవు, తీగలను కొట్టవు, గూడు కట్టేందుకు పుల్ల ముక్కైనా లోపలికి తేవు. ఉన్న సందును వాడుకోవడం తప్ప కొత్త కన్నం చేయడం వాటికి చేతకాదు.

ఎన్ని ఉన్నాయో తెలియాలంటే సూర్యాస్తమయానికి కాస్త ముందు బయట నిలబడి రెండు సాయంత్రాలు లెక్కపెట్టడం కంటే మంచి పద్ధతి లేదు. ఆడ గబ్బిలాలు పిల్లల్ని కనే కాలంలో వెచ్చని చోటు వెతుక్కుంటూ గుంపుగా చేరతాయి, మన పైకప్పులు వాటికి నచ్చడానికి ఒక కారణం ఇదే. చాలా జాతుల్లో తల్లికి ఏడాదికి ఒక్క పిల్లే పుడుతుంది. అది ఎగరడం నేర్వడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇంత నిదానంగా పెరిగే జీవికి ఆయుష్షు మాత్రం ఆశ్చర్యం కలిగించేంత ఎక్కువ: సైబీరియాలో గుర్తు వేసి వదిలిన ఏడు గ్రాముల గబ్బిలం ఒకటి 41 ఏళ్ల తర్వాత బతికే దొరికింది. ఒక్క సాయంత్రం సిమెంటుతో పోయిన గుంపు మళ్లీ కోలుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

రెట్టలు ఇంటి బయటే పడుతుంటే, కన్నం కింద ఒక పలక బిగించి ఊరుకోవడమే నా దృష్టిలో ఉత్తమం. పంపించక తప్పదనుకుంటే, పిల్లలు ఎగరగలిగే దశకు వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాత మిగతా సందులన్నీ మూసి, అవి వాడే కన్నం మీద మాత్రం సన్నని వల కట్టాలి. దాన్ని పైనా పక్కలా బిగించి, కింద వదులుగా వేలాడనివ్వాలి. గబ్బిలం వల లోపలినుంచి కిందికి పాకి బయటపడుతుంది కానీ తిరిగివచ్చి నేరుగా కన్నం మీద వాలబోతే వల అడ్డుపడుతుంది. వారం రోజులు అలా ఉంచి, ఏదీ బయటికి రావడం లేదని రెండు సాయంత్రాలు చూసుకున్నాకే కన్నం పూడ్చాలి. కలరా ఉండల వాసన గబ్బిలాల మాట ఎలా ఉన్నా ఇంట్లో మనుషుల ఆరోగ్యానికి చెరుపు చేస్తుంది. మన చెవికి వినపడని శబ్దంతో గబ్బిలాలను తరుముతాయని చెప్పి అమ్మే అల్ట్రాసోనిక్ పరికరాలకు డబ్బు పోయడమూ దండగే.

ఆరోగ్యం విషయంలో మాత్రం గబ్బిలాల ప్రేమికులు కొందరు అన్నీ తేలిక చేసి మాట్లాడతారు, అది సరికాదు. వాటిలో రేబిస్ గానీ దానికి దగ్గరి వైరస్‌లు గానీ సోకినవి కొద్దిపాటివే అయినా, లక్షణాలు బయటపడిన తర్వాత ఆ జబ్బు దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. కనుక గబ్బిలాన్ని వట్టి చేతులతో ఎన్నడూ పట్టకూడదు. పన్ను గాటు కంటికి ఆనకపోవచ్చు కాబట్టి, కరిచినా గీరినా, నిద్రపోతున్న పిల్లల గదిలో గబ్బిలం కనిపించినా వెంటనే డాక్టర్ని కలవాలి. గాయం కనిపిస్తే ముందు సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. ఎండిన రెట్టలను చీపురుతో ఊడిస్తే లేచే దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే బూజు ఉండవచ్చు. నీళ్లు చిలకరించి, మాస్కు, చేతితొడుగులు వేసుకుని ఎత్తాలి. గబ్బిలాలు కొరికిన పండు తినకూడదు, పశువులకు వేయకూడదు. 1998, 1999లలో మలేషియాలో నిపా వైరస్ పండ్ల గబ్బిలాల నుంచి పందులకు, పందుల నుంచి మనుషులకు వ్యాపించింది.

గదిలోకి గబ్బిలం వస్తే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. ఇంటి లోపలి తలుపులు మూసి, బయటి కిటికీలు పూర్తిగా తెరిచి, దీపాలు ఆర్పితే అది చాలాసార్లు కొద్ది నిమిషాల్లో దారి వెతుక్కుంటుంది. తల మీదికి దూసుకొచ్చినట్టు కనిపించేది దాడి కాదు, ఇరుకు గదిలో మలుపు తిరగడమే. చీకట్లో అది దేనికీ తగలకుండా తిరగడం వెనుక రహస్యం ఏమిటో 1793 నాటికే ఇటలీ శాస్త్రవేత్త స్పల్లంజాని ప్రయోగాలు చేసి చూశాడు కానీ, మన చెవికి అందని కూతల ప్రతిధ్వనే దానికి దారి చూపుతుందని అమెరికా శాస్త్రవేత్త గ్రిఫిన్ నిరూపించేసరికి 20వ శతాబ్దం వచ్చింది.

ఇంకొక మాట. గబ్బిలాలు ఉంటే దోమలు మాయమవుతాయన్న ప్రచారాన్ని నేను సమర్థించను. అవి దోమలను తింటాయి నిజమే, కానీ వాటి ఆహారంలో ఎక్కువ పాలు చిమ్మటలు, పేడపురుగులు, చిన్న ఈగలు. లేని గొప్ప చెప్పి రక్షించబోతే, దోమ కుట్టిన మరునాడే జనం నమ్మకం పోతుంది. అమెరికాలో ఆస్టిన్ నగరంలో 1980లో తిరిగి కట్టిన వంతెన పలకల సందుల్లో లక్షలాది గబ్బిలాలు చేరినప్పుడు, వాటిని చంపేయమని అడిగినవారికి గబ్బిలాల పరిశోధకుడు మెర్లిన్ టటిల్ వంటివారు ఏళ్ల తరబడి ఉన్నది ఉన్నట్టు చెబుతూ వచ్చారు. ఇప్పుడు వేసవి సాయంత్రాల్లో అవి బయటికి వెళ్లడం చూడటానికే జనం ఆ వంతెన దగ్గర చేరుతున్నారు.

మీ శీర్షికలో వచ్చిన జవాబును సవరిస్తూ, కన్నం మూసే ముందు పిల్లలున్నాయేమో చూసుకోవాలన్న ఒక్క వాక్యమైనా వెంటనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ప్రశ్న అడిగిన పాఠకురాలు ఇంకా సిమెంటు కలిపి ఉండరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు