చిన్నీకి, పచ్చడి పార్సిల్‌తో పాటు

తెనాలి

చిన్నీ,

గోంగూర పచ్చడి, కందిపొడి పంపుతున్నాం. కందిపొడిలో వెల్లుల్లి దట్టించింది మీ అమ్మ, ఆఫీసుకి పట్టుకెళ్లకు. ఇంతోటి దానికి ఉత్తరం ఎందుకు, ఫోన్లో చెప్పచ్చుగా అంటావు. నువ్వు ఫోనెత్తితే కదా! వాట్సాప్‌లో నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు మాత్రం రాదు. సరేలే, పని ఎక్కువై ఉంటుంది. మందుల కొట్టు అన్నయ్యే చూసుకుంటున్నాడు. సాయంత్రాలు నేనూ వెళ్లి కూర్చుంటున్నాను. బిల్లులు వాడు వేస్తాడు, కబుర్లు నేను చెప్తాను.

మొన్న సరోజ పిన్ని ఏదో మాటల్లో అంది, నువ్వు రాత్రి మాత్ర సగం విరిచి వేసుకుంటున్నావని. పొద్దున మీటింగుల్లో తూగుతున్నానని చెప్పావట. నిజమో కాదో నేను అడగడం లేదు. పిన్ని మాటలు నీకు తెలియనివా!

ఇక్కడ వానలు వదలడం లేదు. పెరట్లో కరివేపాకు చెట్టు మాత్రం ఏపుగా వచ్చింది. వరండా కారుతోంది, మేస్త్రీ రేపంటాడు, ఎల్లుండంటాడు.

ఆ మాత్రలు అమ్మిన చేతులు కాబట్టి ఒక్క ముక్క చెప్తాను. నువ్వు వేసుకునే క్వెటియాపిన్‌తో ఒక తిరకాసు ఉంది. నిద్ర తెప్పించే పని అది తక్కువ డోసులోనే మొదలుపెడుతుంది. పాతిక, యాభై మిల్లీగ్రాములకే మెదడుని మేలుకొలిపి ఉంచే హిస్టమిన్ గ్రాహకాలను పట్టేసుకుంటుంది. జలుబుకి అవిల్ వేసుకుంటే కళ్లు మూతలు పడేదీ అందుకే. నీ జబ్బు మీద పనిచేయాలంటే మెదడులో డోపమిన్ గ్రాహకాలను తగినంతగా అడ్డుకోవాలి. దానికి వందల్లో మిల్లీగ్రాములు పడతాయి. మామూలుగా 300 నుంచి 800 దాకా రాసేది అందుకే. మాత్ర సగం చేస్తే మగతా సగమవుతుందని లెక్క వేశావేమో. మగత చాలావరకు ఉండనే ఉంటుంది, జబ్బుని పట్టి ఉంచే బలమే ముందు పోతుంది.

పైగా నీది ఎస్‌.ఆర్., అంటే మెల్లగా కరిగే మాత్రే అయితే అసలు విరవనే కూడదు. గంటల తరబడి కొద్దికొద్దిగా దిగాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతుంది. మధ్యలో గీత కూడా లేని మాత్ర అది, కత్తిపీటతో కోశావా ఏంటి?

నువ్వు కోశావని అనడం లేదు. వింటే మంచిదని రాస్తున్నా.

రామం బాబాయి అయ్యప్ప మాల వేసుకున్న ఏడు నీకు గుర్తుందా? నువ్వు చిన్నపిల్లవి. అప్పటికి బాబాయి ఒలాంజపిన్ అని నీ మందు లాంటిదే, 15 మిల్లీగ్రాముల మీద కుదురుగా ఉన్నాడు. పొద్దున లేచి పొలం వెళ్లేవాడు, రోజుకో కట్ట బీడీలు ఊదేసేవాడు. మాల వేసుకున్నాక బీడీ ముట్టలేదు. కొద్ది రోజులకే భజనలో చిడతలు చేతిలో ఉండగానే తల వాల్చేయడం మొదలైంది. శరణుఘోష అందరూ చెబుతుంటే ఈయన గుర్రు. గురుస్వామి మోచేత్తో పొడిచేవాడు, లేచి ఒకసారి ‘స్వామియే’ అని మళ్లీ నిద్ర. ఒంటిపూట భోజనం, తెల్లవారుజాము చన్నీళ్లు, ఒళ్లు తట్టుకోలేకపోతోందని మీ అమ్మ. దిష్టి తగిలిందని నాయనమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది, ఇల్లంతా దగ్గులు. నేను స్ట్రిప్పులు తిప్పి తిప్పి చూశాను. అదే కంపెనీ, అదే 15. చివరికి గుంటూరు తీసుకెళ్తే డాక్టరుగారు ఒక్కటే అడిగారు, ‘బీడీలు మానేశాడా?’ అని. పొగలో ఉండే పదార్థాలు కాలేయం చేత ఆ మందుని త్వరగా ఖర్చు చేయిస్తాయట. నికోటిన్ పని కాదది, పొగది. పొగ ఆగేసరికి అదే 15 ఒంట్లో పెద్ద డోసై కూర్చుంది. 10కి తగ్గించి, మాల తీశాక మళ్లీ రమ్మన్నారు. కొండ దిగి వచ్చి మాల తీసిన సాయంత్రమే మావాడు బీడీ కట్ట కొన్నాడు. మర్నాడే మళ్లీ గుంటూరు బస్సెక్కించాను.

నీకు బీడీ లేదు, తెలుసు. కానీ మగతకి కారణం ఎక్కడుందో మనకి తోచదు. నువ్వు మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు? ఎస్‌.ఆర్. పూర్తి జోరుకి రావడానికి దగ్గర దగ్గర ఆరు గంటలు పడుతుంది. రాత్రి పన్నెండింటికి మింగితే తెల్లారి ఆరింటికి దాని జోరు, తొమ్మిదింటికి నీ మీటింగు. తూగక ఏం చేస్తావు? ఎనిమిదింటికి జరపచ్చేమో డాక్టరుగారిని అడుగు. బిర్యానీ లాంటి నూనె భోజనం మీద వేసుకున్నా ఎస్‌.ఆర్. రక్తంలో ఎక్కువ చేరుతుంది. ఖాళీ కడుపునో, రెండిడ్లీలతోనో వేసుకోవాలి. తుమ్ములొచ్చాయని సెట్రిజిన్ కలపకు. మీ ఆఫీసు పార్టీల్లో ఏం తాగుతారో నేను అడగను, నువ్వు తాగకు. మగత ఉన్నన్నాళ్లూ స్కూటీ తీయకు, ఆటోకి డబ్బులు నేను వేస్తాను. పొద్దున మంచం మీద నుంచి దిగ్గున లేవకు, కాసేపు అంచున కూర్చో, బీపీ పడిపోతుంది. ఉపన్యాసం ఇవ్వద్దని మీ అమ్మ చెప్పి మరీ వంటింట్లోకి వెళ్లింది.

తూగుతూ ఉద్యోగం చేయడం కష్టమే, కాదనను. మొదట్లో ఉండే మగత చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే డోసు, టైము మార్చచ్చు, మందే మార్చచ్చు. అరిపిప్రజోల్ లాంటివి అంత నిద్ర తెప్పించవు, కాకపోతే కొందరిని కుదురుగా కూర్చోనివ్వవు. ఏది పడుతుందో డాక్టరుగారు తేలుస్తారు. నీ అంతట నువ్వు తగ్గిస్తే ముందు నిద్ర పోతుంది. ఆ ఉగాది ముందు రాత్రిళ్లు మేడ మీద ఎలా తిరిగావో నువ్వు మర్చిపోయి ఉండచ్చు. నేను మెట్ల మీదే కూర్చునేవాణ్ణి. అలాంటి ఉగాది మళ్లీ వద్దు తల్లీ.

శనివారం డాక్టరుగారి దగ్గరికి వెళ్లు. సగం చేసి ఉంటే ఎన్నాళ్లుగా చేస్తున్నావో దాచకుండా చెప్పు, ఆయన తిట్టరు. మీ అమ్మకి శుక్రవారం రైలు టికెట్టు వెయిటింగ్‌లో ఉంది. కన్‌ఫర్మ్ అయితే నీకు చెప్పకుండానే బయలుదేరుతుందట. ఇల్లు కాస్త సర్దుకో, నేను చెప్పానని అనకు.

నాన్న

తా.క. మాత్రల స్ట్రిప్పు ఫోటో తీసి పంపు. రెండు వైపులా.