పాత ఆట పుస్తకాల పీడీఎఫ్‌లు: పట్టికలో తప్పే అసలు తప్పు

సంపాదకులకు,

ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు పాత్రలై పాచికలేసి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట పుస్తకాల పీడీఎఫ్‌ల అమ్మకాన్ని దాని ప్రచురణ సంస్థ విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 2009 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి ఆపేసింది. దొంగ కాపీలే కారణమంది. అప్పటికే డబ్బు కట్టినవాళ్లకూ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునే దారి మూసుకుపోయింది. 2013 జనవరిలో పాత పుస్తకాలు తిరిగి వచ్చేదాకా, దాదాపు నాలుగేళ్లు, డబ్బిచ్చి కొనేవాడికే దిక్కు లేదు. మన దగ్గరికి పాత అచ్చు కాపీ తెప్పించుకోవాలంటే చాలాసార్లు తపాలా ఖర్చే పుస్తకం ధరను మించుతుంది.

1974లో వచ్చిన ఈ ఆట తొలి పెట్టెకు అమెరికా చట్టం ప్రకారం 2069 చివరిదాకా హక్కులున్నాయి. కాబట్టి ఎవరికివారు స్కాన్ చేసి వాట్సాప్‌లో పంచుకునే వ్యవహారం కాదిది, హక్కుదారులే పూనుకోవాలి. పూనుకున్నవాళ్లు పేజీలకు ఫొటోలు తీసి వరసగా పేర్చేస్తే నవలైతే ఎలాగో చదువుకుంటాం. ఇది చేతిలో పాచికలతో నలుగురు ఎదురుచూస్తుంటే గబగబా వెతుక్కునే పుస్తకం.

1980ల తొలినాళ్ల సాహస పుస్తకాలు (ఆడటానికి కావలసిన కథ, పటాలు ఉండేవి) చూడండి. చాలావాటిలో అట్ట లోపలివైపు నేలమాళిగ పటం లేత నీలి రంగులో ఉంటుంది. స్కానర్‌ను నలుపు తెలుపులో పెడితే ఆ నీలం ఎగిరిపోయి గదుల మధ్య గోడలే మిగలవు. రంగులో 600 డీపీఐతో (అంగుళానికి 600 చుక్కలు) తీసి, ఎరుపు చానెల్ (బొమ్మలోని ఎరుపు పాలు) ఒక్కటే విడదీస్తే నీలం నల్లగా తేలుతుంది. వీటికి అట్ట విడిగానే వస్తుంది, పిన్నులు పీకే పని లేదు. కాగితం పల్చనైతే వెనక నల్ల కాగితం పెట్టాలి, లేదంటే అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనబడతాయి.

ఇక ఓసీఆర్, అంటే స్కాన్ బొమ్మలోని అక్షరాలను యంత్రం చదివి పాఠంగా మార్చడం. కథలో అది చేసిన తప్పు చదివేవాడికి ఇట్టే తెలుస్తుంది, పట్టికలో తెలియదు. ఎనిమిది ముఖాల పాచికను ఒకసారి వేయమని చెప్పే ‘1డి8’లో ఒకటి ఇంగ్లిష్ చిన్న ‘ఎల్’ అవుతుంది, ఎనిమిది ‘బి’ అవుతుంది. దెబ్బ తగలాలంటే పాచిక మీద ఎంత పడాలో చెప్పే ‘థాకో’ (ఇంగ్లిష్‌లో THAC0) చివర ఉన్నది సున్నా. యంత్రం దాన్ని ‘ఓ’ అని చదివిందా, వెతికితే ఒక్క పేజీ దొరకదు. 3 పోయి 8 పడితే ఏ స్పెల్‌చెక్కూ పట్టుకోదు. (అది రాక్షసుడి బలం లెక్కైతే ఆ పూట ఆటగాళ్ల గతి అంతే!) ప్రూఫు దిద్దడానికి సమయం చాలకపోతే కథను వదిలేయండి. పట్టికలను మాత్రం ఒకరు అచ్చు ప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు తెర మీద అంకె అంకె సరిచూడాలి.

పేజీ నంబర్లదీ ఇదే తంతు. అట్టలు కూడా లెక్కలోకి వచ్చి, 45 కొడితే 43వ పేజీ తెరుచుకుంటుంది. పేజీ లేబుళ్లు (పీడీఎఫ్ ఒక్కో పేజీకి చూపే నంబర్లు) సరిచేయడం పది నిమిషాల పని.

పటాలను విడి ఫైళ్లుగా, రెండేసి కాపీలు ఇవ్వాలి. గది నంబర్లున్నది ఆట నడిపేవారికి, లేనిది ఆటగాళ్లకు. రెండో దాంట్లో రహస్య తలుపు గుర్తు ‘ఎస్’ను కూడా చెరిపేశారో లేదో ఒకసారి చూసుకోండి.

- ఒక పాఠకుడు, హైదరాబాద్