లిట్మస్ లేకపోతే పసుపు లేదా?

ఎడిటర్ గారికి,

మా అబ్బాయి గుంటూరులో టెన్త్ చదువుతున్నాడు. ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే నీలి లిట్మస్ కాగితం ఆమ్లంలో ఎర్రబడుతుందని గడగడా చెప్తాడు కానీ ఆ కాగితం కంటితో చూసింది లేదు, స్కూల్లో ల్యాబ్‌కి ఎప్పుడూ తాళమే. ఇదేం చదువండీ? పసుపు మార్కెట్‌కు పేరున్న దుగ్గిరాల మన జిల్లాలోనే ఉంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో పసుపు ఎరుపెక్కేది సున్నంలోని క్షారం వల్లే కదా, అందులో నిమ్మరసం పిండుతూ పోతే మళ్లీ పసుపు రంగు తిరిగొస్తుంది, ఆమ్లం, క్షారం ఒకదాని గుణాన్ని ఒకటి పోగొట్టే తటస్థీకరణ అంటే అదే, లవణం తయారైనట్టే. మందార రేకుల నీళ్లయితే నిమ్మరసంతో ముదురు గులాబీ, వంటసోడాతో ఆకుపచ్చ. వీటికి బడ్జెట్ అక్కర్లేదు. బాత్రూం యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిస్తే విషపు క్లోరిన్ వస్తుందని మాత్రం ప్రతి క్లాసులో చెప్పి తీరాలి, చాలా ఇళ్లల్లో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

- ఒక తల్లి, గుంటూరు