కణాలను చంపింది వెలుతురా, కరెంటు కోతా?

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

క్యాన్సర్ చికిత్స కోసం జింక్ ఆక్సైడ్ నానో రేణువులపై పనిచేస్తున్న వరంగల్ ప్రాంతపు పరిశోధక విద్యార్థులం. మా ప్రయోగశాల గురించి తమకు కొత్తగా చెప్పవలసింది లేదు. దాని శిలాఫలకం మీద ఉన్నది తమ పేరే. మా వినతిపత్రాలన్నింటి మీదా తమ కార్యాలయపు ముద్ర చక్కగా పడింది. ఆ తర్వాత అడుగు మాత్రం పడలేదు.

సుమారు 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి సోకితే జింక్ ఆక్సైడ్‌లోని ఎలక్ట్రాన్లు ఎగసి, చుట్టూ ఉన్న ఆక్సిజన్, నీటి అణువుల నుంచి క్యాన్సర్ కణాన్ని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అయితే వెలుతురు లేకపోయినా ఈ రేణువులు ఆమ్లత ఉన్నచోట కరిగి జింక్ అయాన్లను వదులుతాయి, కణాలను చంపడానికి అవి కూడా చాలు. అందువల్ల క్యాన్సర్ కణాలను పెంచే ప్లేట్లలో, రేణువులు వేసి వెలుతురులో ఉంచినది ఒకటి, రేణువులు వేసి చీకటిలో ఉంచినది ఒకటి, ఏమీ వేయనిది మరొకటి పెట్టి, మూడింటినీ పోల్చి చూస్తాం. ఆ తేడాయే మా పరిశోధన.

ఇక్కడే మా గోడు. కణాలు బతకాలంటే వాటిని పెంచే పెట్టె, అంటే ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఎడతెగకుండా ఉండాలి. వేసవిలో సాయంత్రం ఈదురుగాలి వీచిందంటే కరెంటు పోతుంది, ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. తెల్లవారి తలుపు తీస్తే, ఎర్రగా ఉండవలసిన పోషక ద్రవం ఊదా రంగుకు తిరిగి, అడుగున అంటుకొని పెరగవలసిన కణాలు గుండ్రంగా ముడుచుకొని పైకి తేలి ఉంటాయి. ఏమీ వేయని ప్లేటులోనూ అదే గతి. కణాలను చంపింది వెలుతురా, జింకా, కరెంటు కోతా అని పరీక్షకులు అడిగితే ఏ ముఖం పెట్టుకొని జవాబు చెప్పాలి?

జనరేటర్ ఇచ్చారు, కాదనము. దానికి డీజిల్ పోసే పద్దు మాత్రం లేదు. అది నిర్వహణ ఖర్చని ఒక విభాగం, కాదు పరికరాల ఖర్చేనని ఇంకో విభాగం, ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లు, ఫైలును అటూ ఇటూ తిప్పుతున్నాయి. ఆ ఫైలు చేసినన్ని ప్రయాణాలు మా పరిశోధన చేసి ఉంటే ఎప్పుడో ఒడ్డున పడేవాళ్లం.

రేపే మందు వస్తుందని మేము నమ్మబలకడం లేదు. వెలుతురుతో పనిచేసే క్యాన్సర్ మందు ఫోటోఫ్రిన్‌కు 1993లో కెనడా, 1995లో అమెరికా అనుమతినిచ్చాయి. జింక్ ఆక్సైడ్ ఇంకా ప్రయోగశాల దశలోనే ఉంది. అతినీలలోహిత కాంతి చర్మం దాటి లోతుకు పోలేదు కాబట్టి, కంటికి కనిపించే వెలుతురుకే స్పందించేలా ఈ రేణువులను మార్చడం మా ప్రయత్నం. ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (నేటి ఎన్‌ఐటీ), కాకతీయ వైద్య కళాశాల రెండూ 1959లోనే వెలసిన ఊరిది. ఆ రెండు చదువులూ కలిసే ఈ పని ఇక్కడ డీజిల్ లేక ఆగిపోవడం తమకు సమ్మతమేనా?

డీజిల్ పద్దు మంజూరు చేయించండి. యంత్రాలు చూసుకునే టెక్నీషియన్‌ను నియమించండి. అన్నిటికన్నా ముందు ఆ డీజిల్ సంగతి తేల్చండి. కొత్త కణాల కోసం పుణేలోని కణ భాండాగారానికి మళ్లీ డబ్బు కట్టాం. అవి ఇక్కడికి చేరేలోపు సంతకం కావాలి. కుదరకపోతే కుదరదనైనా రాతపూర్వకంగా తెలియజేయండి, ఆ ఆర్డరు రద్దు చేసుకుంటాం.

ఇట్లు,
పరిశోధక విద్యార్థులు
హనుమకొండ