ఫోన్‌లో నాడి చూసే ఉద్యోగం

బుజ్జీ,

"నీకేమే, ఏసీ గదిలో కూర్చుని ఫోన్‌లో కబుర్లు చెప్పడమే కదా ఉద్యోగం" అని మెసేజ్ పెట్టావు చూడు, నువ్వు కాబట్టి ఊరుకున్నాను. డాలస్‌లో నువ్వు చేసేదీ అదేగా! కాకపోతే నీ పేరు పక్కన నర్స్ ప్రాక్టీషనర్ అని ఉంటుంది, పై చదువు చదివిన నర్సువి కాబట్టి మందు నువ్వే రాస్తావు. నేనేమో మామూలు నర్సుని, ప్రశ్నలన్నీ అడిగి, ఏం చెయ్యాలో ఒక అంచనాకి వచ్చి, చివర్లో "ఒక్క నిమిషం, డాక్టరుగారు లైన్‌లోకి వస్తారు" అంటాను. ఆ సంగతి తర్వాత. ఇవాళ పిల్లాడు తొందరగా పడుకున్నాడు, రేపు సెలవు. తీరిగ్గా రాస్తున్నా, తీరిగ్గానే చదువు.

ఐసీయూ వదిలి వీడియో కన్సల్టేషన్లకి మారాక నడుంనొప్పి పోయింది, దాని బదులు గొంతు పట్టేస్తోంది. ఐసీయూలో రోగి మాట్లాడడు, మానిటర్ చెప్తుంది. ఇక్కడ అంతా మాటే, ఆ మాట కూడా ఎవరిదో చెప్పలేం. ఇప్పుడు మన హైదరాబాదులో ఒక రకం కాల్ బాగా ఎక్కువైంది. కొడుకు న్యూజెర్సీలో, తల్లి కూకట్‌పల్లిలో, మధ్యలో నేను. మొన్న అలాగే ఒకావిడ, డెబ్బై దాటి ఉంటాయి. కళ్లు తిరుగుతున్నాయని కొడుకు బుక్ చేశాడు. ఆవిడని ఏం అడిగినా ముందు అతనే జవాబిస్తాడు. బీపీ మాత్ర టైముకి వేసుకుంటుంది, ఉప్పు తగ్గించింది, వాకింగ్ చేస్తుంది. ఆవిడ "అవును, నాకేం కాలే బిడ్డా" అని తలూపుతుంది.

కాసేపటికి అతనికి ఆఫీసు మీటింగ్ ఏదో వచ్చి తప్పుకున్నాడు. అప్పుడు "అమ్మా, మీ మందులన్నీ తెచ్చి ఒకసారి మంచం మీద పోయండి, చూస్తాను" అన్నాను. బిస్కెట్ డబ్బా తెచ్చింది. ఒక్కో స్ట్రిప్పూ కెమెరాకి ఎంత దగ్గరగా పెడుతుందంటే మెరుపు తప్ప అక్షరం కనపడదు. "కొంచెం దూరం జరపండి, ఇంకొంచెం, ఇప్పుడు తిప్పండి." అలా చూస్తూ పోతుంటే టెల్మిసార్టన్ అనే బీపీ మందు రెండుసార్లు వచ్చింది. ఒకటి గుండె డాక్టరు రాసింది, ఇంకోటి షుగర్ డాక్టరు రాసింది. కంపెనీ పేరు వేరు, అట్ట రంగు వేరు, లోపలి మందు మాత్రం ఒకటే. ఆవిడ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఎంతో శ్రద్ధగా వేసుకుంటోంది. లేచి నిలబడితే కళ్లు తిరగవా మరి! డాక్టరుగారితో చెప్పి ఒకటి ఆపించాం. కొడుక్కి చెప్పొద్దని ఒకటే బతిమాలింది, "వాడు ఆడ టెన్షన్ పడతడు" అని.

ఇక బీపీ మెషిన్లు. ప్రతి ఇంట్లో ఒకటుంది, సంతోషమే. కానీ చూసుకునే పద్ధతి చూస్తే మన నర్సింగ్ సెకండ్ ఇయర్ మేడం గుర్తొస్తుంది. కాఫీ తాగి అరగంటైనా కావాలి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ ఒట్టి చర్మం మీద కట్టాలి, నోరు మూసుకోవాలి. తిట్టి మరీ నేర్పించింది కదా. ఇక్కడ చూస్తే మంచం మీద బాసింపట్టు వేసుకుని, స్వెటర్ మీద పట్టీ చుట్టి, పక్కన సీరియల్ మోగుతుండగా కోడలికి వంట పురమాయిస్తూ చూసుకుంటారు. 168 వచ్చింది మేడం, స్ట్రోక్ వస్తుందా అని ఫోన్. అన్నీ సర్ది మళ్లీ చూపిస్తే 142. అప్పుడేమో మెషినే మంచిది కాదంటారు! లావు చేతికి చిన్న పట్టీ కడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని ఎవరికీ తెలియదు, అమ్మే షాపువాడూ చెప్పడు. బీపీ ఎక్కువ అనడానికి ఆసుపత్రిలో 140/90 గీత అయితే, ఇంట్లో చూసుకునేటప్పుడు 135/85 అన్న సంగతి చదువుకున్నవాళ్లకి కూడా కొత్తే.

పెద్దవాళ్ల సంగతి ఎలాగోలా నెట్టుకొస్తాను. పిల్లల కాల్స్ వస్తే మాత్రం నిటారుగా కూర్చుంటాను. బోరబండ నుంచి ఒక తల్లి, తొమ్మిది నెలల పాపకి దగ్గు అంది. సిరప్ పేరు చెప్తే చాలట, మెడికల్ షాపులో తెచ్చుకుంటుందట. చొక్కా పైకెత్తి ఛాతీ చూపించమన్నాను. ట్యూబ్‌లైట్ వెనకనుంచి పడుతోంది, పాప నల్లటి నీడలా ఉంది. కిటికీ వైపు తిప్పించాను. లెక్కపెడదామంటే వీడియో ఆగి ఆగి వస్తోంది, ఒక శ్వాస కనపడితే రెండు మింగేస్తోంది. చివరికి "అమ్మా, పొట్ట పైకి లేచినప్పుడల్లా గట్టిగా అంకె చెప్పు, టైము నేను చూస్తా" అన్నాను. పూర్తి నిమిషం. యాభై ఎనిమిది దగ్గర ఆగింది. రెండు నెలలు దాటి ఏడాదిలోపున్న పిల్లలకి యాభై అంటేనే వేగం అని నీకు చెప్పక్కర్లేదు. దానికితోడు పక్కటెముకల కింద లోపలికి లాగుతోంది. సిరప్ లేదు ఏమీ లేదు, పాపని ఎత్తుకుని నిలోఫర్ పిల్లల ఆసుపత్రికి బయల్దేరమన్నాను. నాకు స్టెతస్కోప్ లేదు, ఆక్సిజన్ మీటర్ లేదు. ఆ తల్లి గొంతే నాకు పరికరం.

ఇలాంటివి చూశాకే, వీడియో వైద్యం మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే అవతల పక్క ఎవరున్నారు అని ఎదురు అడుగుతున్నాను. బస్తీ దవాఖానాలు తెలుసుగా, బస్తీల్లోని చిన్న ప్రభుత్వ క్లినిక్‌లు, 2018లో మన సిటీలోనే మొదలైనవి. ఒక డాక్టరు, ఒక నర్సు. పల్లె దవాఖానాల్లో మన జూనియర్లు చాలామంది ఉన్నారు. అక్కడి నుంచి ఈ-సంజీవనిలో, అదే ప్రభుత్వ వీడియో వైద్య సేవలో, పెద్ద డాక్టరుకి కాల్ కలుపుతారు. రోగి పక్కన నర్సు ఉంటుంది, బీపీ తనే చూస్తుంది, కాలి వాపు మీద వేలితో నొక్కి గుంట పడిందో లేదో తనే చెప్తుంది. తెర మీద కనిపించేది స్పెషలిస్టే అయినా రోగిని ముట్టుకున్నది ఆ అమ్మాయి. అదే ఈ-సంజీవనిలో ఇంటి నుంచి నేరుగా డాక్టరుకి చేసుకునే పద్ధతీ ఉంది, అది 2020 లాక్‌డౌన్‌లో వచ్చింది. పాత బీపీ, షుగర్ మందులు కొనసాగించడానికి అది బ్రహ్మాండం. కొత్త జబ్బుకి మాత్రం నాకు గుబులే. ఒకాయనకి ఛాతీలో బరువు, చెమటలు. "గ్యాసే మేడం, రాత్రి బిర్యానీ తిన్నా" అంటాడు. ఈసీజీ ఫోన్‌లో తియ్యలేను కదా. 108కి చెయ్యండి అని కాల్ కట్ చేస్తే, రెండొందలు కట్టించుకుని మందు కూడా రాయలేదని నాకు ఒక స్టార్!

ఫోన్ గెలిచే చోటు కూడా చెప్తా, నువ్వు నమ్మవు. అమీర్‌పేట, మాదాపూర్ హాస్టల్ ఆడపిల్లలు. తెల్లబట్ట, నెలసరి తప్పడం, అక్కడ దురద. రిసెప్షన్‌లో నిలబడి వీటి గురించి ఒక్కతీ నోరు విప్పదు. ఇక్కడ కెమెరా ఆపేసి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు. పక్క మంచం మీద రూమ్మేట్ ఉంటుంది కాబట్టి అవును, కాదు అంటే సరిపోయేలా నేనే ప్రశ్నలు మార్చి అడుగుతాను. మిగతాది చాట్‌లో టైప్ చేస్తారు. ఒకమ్మాయి అంతా అయ్యాక "అక్కా, నిద్ర పట్టట్లేదు, బతకాలని లేదు" అని టైప్ చేసింది. కాల్ వదలకుండా మా మానసిక వైద్యురాలికి కలిపాను, రాత్రిపూట అవసరమైతే అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కూడా ఇచ్చాను. ఆ మాట ఎదురుగా కూర్చుంటే అనేది కాదని నా నమ్మకం.

దీనికి ఎదురు రకం, నిద్రమాత్రల బేరగాళ్లు. ఆల్ప్రాజోలామ్ అయిపోయింది, రాసిపెట్టండి అంటారు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ నియమావళిలో మత్తు మందుల జాబితాలోవి ఫోన్‌లో రాయకూడదని స్పష్టంగా ఉంది. చెప్తే నామీద కోపం. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ అడిగేవాళ్ల గురించి రాయను, రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది.

ఇప్పుడు మొదటి సంగతికి వస్తా. మీ కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్, ఒక పిల్లల డాక్టరుతో కలిసి 1965లో మొదలుపెట్టిన చదువు నీ నర్స్ ప్రాక్టీషనర్ చదువు. అరవై ఏళ్లయినా టెక్సాస్‌లో నువ్వు మందు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాల్సిందేనట. నీ దగ్గర చూపించుకునే ముసలాయన ఓక్లహోమాలో కూతురింటికి వెళ్లి అక్కడి నుంచి కాల్ చేస్తే, రోగి ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి లైసెన్సు కావాలని చూడలేకపోయావని చెప్పావు కదా. మరి నా మీద ఎందుకే అంత గీర? ఇక్కడ క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రెండేళ్లది ఉంది. కరీంనగర్‌లో 2017లోనే మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. ఆ అమ్మాయిలు కాన్పులు చేస్తుంటే చూడాలి, మన రోజుల్లో కడుపు నొక్కి అరిచి చేయించినవాటికీ వీటికీ పోలికే లేదు. చదువు ఉంది, చేతులున్నాయి. మందు చీటీ మీద నర్సు సంతకం దగ్గరకొచ్చేసరికే అందరికీ జ్వరం వస్తుంది. డాక్టర్లతో గొడవ పడాలని కాదు. షుగర్ అదుపులో ఉన్న మనిషికి అదే మాత్ర మరో మూడు నెలలకి రాయడానికి నలభై నిమిషాలు క్యూలో కూర్చోబెట్టడం నాకు మింగుడుపడదు.

చివరిగా అసలు పని. మీ అమ్మ నీకు వీడియోలో "బానే ఉన్నా" అంటోంది కదా, నువ్వు పొద్దున్నే డ్యూటీకి పోతూ కారులోంచి వాట్సాప్‌లో డోసులు మారుస్తున్నావట, ఆంటీయే చెప్పింది. అది మానెయ్. ఆదివారం నేను మల్కాజ్‌గిరి వెళ్తున్నా. మందుల డబ్బా ఒంపించి చూస్తాను, బీపీ నా మెషిన్‌తో ఒకసారి, వాళ్ల మెషిన్‌తో ఒకసారి చూస్తాను. పెద్ద పట్టీ అక్కడి నుంచి పంపకు, ఇక్కడ కోఠిలో దొరుకుతుంది. మోకాలి నొప్పికి షాపువాడిచ్చిన మాత్ర ఏదో రోజూ వేసుకుంటోందని నా అనుమానం, అది పట్టుకుంటే కిడ్నీ టెస్ట్ కూడా చేయిస్తా. రిపోర్టులు నీకు పంపుతా. చూసి ముందు నాతో మాట్లాడు, ఆంటీతో కాదు.

నీ
సరూ